మిటిలీనీ తీర్పు

క్రీస్తు పూర్వము 427వ సంవత్సరపు వేసవిలో ఎథెన్సు పౌరసభ ఒకనాడు ఒక తీర్పు చెప్పి, మరునాడు దానిని తానే మార్చుకొనెను. ఈజియన్ సముద్రమున ఆసియా తీరమునకు చేరువగా లెస్బాస్ అను ద్వీపము కలదు. అందలి ముఖ్యనగరమైన మిటిలీనీ, తక్కిన మిత్రరాజ్యములవలె కప్పము చెల్లించి తలయొగ్గియుండునది గాక, సొంత నౌకాబలమును సొంత ప్రాకారములను నిలుపుకొని ఎథెన్సు సరసన గౌరవముగా నిలిచిన నగరము. అట్టి నగరము, పెలొపొనీసియన్ యుద్ధము సాగుచుండగా, ఎథెన్సు మహామారి వాతబడి చిక్కిశల్యమైయున్న సమయము చూచి, స్పార్టా సాయము నమ్ముకొని 428లో తిరుగబడెను. స్పార్టా నౌకలు దారిలో జాగుచేసెను; ముట్టడిలో తిండి కరవయ్యెను; ప్రభువర్గమువారు విధిలేక సామాన్యజనుల చేతికి ఆయుధములీయగా, ఆ జనులు, దాచిన ధాన్యము బయటపెట్టి అందరికి పంచుడు, లేకున్న నగరమును మేమే శత్రువున కప్పగింతుమని ఎదురుతిరిగిరి. నగరము లొంగిపోయెను. ఎథెన్సు సేనాని పేకీస్ తిరుగుబాటునకు మూలమని తోచినవారిని బంధించి స్వదేశమునకు పంపెను. పౌరసభ కూడి, ఆగ్రహావేశమున, ఆ బంధితులనేగాక మిటిలీనీలోని వయోజనులైన పురుషులనెల్ల వధింపవలెననియు, స్త్రీలను బాలురను బానిసలను గావింపవలెననియు తీర్మానించి, ఆ యాజ్ఞతో ఒక యుద్ధనౌకను వెంటనే పంపివేసెను.

తెల్లవారుసరికి మనసులు మారెను. దోషులెవరో నిర్దోషులెవరో చూడక నగరమునకు నగరమునే రూపుమాపుట ఘోరమన్న భావము జనులలో వ్యాపించెను. ఎథెన్సులోనున్న మిటిలీనీ దూతలును, వారియెడ సానుభూతిగల పౌరులును అధికారులను కలిసికొని సభను మరల కూర్చుడని వేడుకొనిరి. ప్రజలలో పెక్కురు అదే కోరుచున్నారని ఎరిగిన అధికారులు కాదనలేకపోయిరి. సభలో మొదట క్లియోన్ లేచెను. ముందటినాటి తీర్మానము అతని చలువయే. మీ సామ్రాజ్యము ఇష్టములేనివారిపై నడుచుచున్న నిరంకుశ ప్రభుత్వమనియు, జాలి, వాక్చాతుర్యముపై మోజు, ఔదార్యము అను మూడును ప్రభుత్వము నెరపువారికి చేటు తెచ్చునవనియు, మాటిమాటికి మార్చుకొను మంచి శాసనములకంటె మార్పులేని చెడ్డశాసనములే నగరమునకు మేలనియు అతడు వాదించెను. అతనికి బదులు చెప్పినవాడు యూక్రటీస్ కుమారుడు డయోడోటస్. ఈ యొక్క ఉపన్యాసమున దప్ప చరిత్రలో ఈతని జాడ మరెచ్చటను కానరాదు. ఇతడు కరుణను యాచింపలేదు; మిటిలీనీవారు నిర్దోషులని చెప్పలేదు; వారెంత దోషులైనను వారిని చంపుట మనకు ప్రయోజనము కానిచో చంపరాదు, మనము కూర్చున్నది న్యాయస్థానము కాదు, మంత్రాలోచన సభ యని మాత్రము చెప్పెను. మరణదండన ఎన్నడును మనుష్యుని ఆశను అడ్డగింపలేదనియు, ఇతర నగరములలోని సామాన్యజనులు ఇప్పుడు మన పక్షమున ఉన్నారు గాన, మనకు నగరమును అప్పగించినవారినే మనము చంపినచో రేపు వారును ప్రభువర్గముతో చేరిపోవుదురనియు హెచ్చరించెను. చేతులెత్తి ఓట్లు వేసిరి. రెండు పక్షములును ఇంచుమించు సమముగా నుండగా, డయోడోటస్ మాట వెంట్రుకవాసిలో నెగ్గెను.

ఇక రెండవ నౌక. మొదటిది అప్పటికి ఇంచుమించు ఒక పగలు ఒక రాత్రి ముందున్నది. మూడు వరుసల తెడ్లతో, 170 మంది తెడ్లవాండ్రతో నడచు ఆ కాలపు యుద్ధనౌకలు సాధారణముగా తీరము వెంబడి సాగి, భోజనమునకు ఒకచోట, నిద్రకొకచోట ఒడ్డు చేరెడివి. ఈ నౌక అట్లు చేరలేదు. మిటిలీనీ దూతలు యవలపిండి, ద్రాక్షాసవము నౌకలోనికి ఎక్కించి, ముందుగా చేరినచో గొప్ప బహుమానములిత్తుమని ఆశచూపిరి. తెడ్లవాండ్రు ఆసవముతోను నూనెతోను కలిపిన పిండిముద్దలను తెడ్డు విడువకయే తినుచు, వంతులవారీగా కన్నుమూసి తెరచుచు పోయిరి. ఎదురుగాలి వీచకపోవుట అదృష్టము. ఇంతకంటె గమనింపదగిన విషయము మరియొకటి కలదు. మొదటి నౌకయందలివారు, తాము మోసికొనిపోవుచున్న ఆజ్ఞ ఎట్టిదో ఎరిగినవారగుటచేత, త్వరపడలేదు. పేకీస్ ఆజ్ఞాపత్రమును చదివి వధకు ఉపక్రమింపబోవుచుండగా రెండవ నౌక రేవు చేరెను.

కథ ఇక్కడ ముగిసినచో పాఠశాల వాచకమునకు చక్కగా పనికివచ్చెడిది. కాని ముగియలేదు. ఎథెన్సుకు పంపబడిన బంధితులను క్లియోన్ ప్రతిపాదనపై వధించిరి. ఈ యుద్ధచరిత్రను వ్రాసిన థుసిడిడీస్ చెప్పిన లెక్క వేయికి పైమాట; ఆ సంఖ్య ప్రతులు వ్రాసినవారి చేతిలో పెరిగినదేమో యని శంకించిన పండితులు కలరు. మిటిలీనీ గోడలను కూల్చిరి. నౌకలను స్వాధీనము చేసికొనిరి. ద్వీపములోని భూమిని, ఒక్క మెథింనా నగరపు భాగము వదలి, 3000 భాగములుచేసి, అందు 300 దేవతలకు ప్రత్యేకించి, తక్కినవి చీట్లువేసి ఎథెన్సు పౌరులకు పంచిరి. నిన్నటి భూస్వాములు నేడు తమ పొలమును తామే దున్ని, భాగమునకు ఏటేట రెండు మినాల వెండి కౌలుగా చెల్లించు కౌలుదారులైరి. పదింట ఒకవంతు దేవతలకు సమర్పించిన పిమ్మట మనసున మిగిలియున్న కొంకు సైతము ఎగిరిపోయియుండును. దయ జూపితిమన్న తృప్తి, దేవతల వాటా చెల్లించితిమన్న తృప్తి, భూమి చేజిక్కినదన్న తృప్తి, ఈ మూడును ఒకేచోట దొరకుట ఏ సామ్రాజ్యమునకును తరచుగా పట్టు అదృష్టము కాదు.

ఈ యుదంతమును చదివినవాడు ఏమనవలెను? మనలో చదువుకొన్నవారి నోట సులభముగా వచ్చు మాట యొకటి కలదు: అది ఆనాటి యుగధర్మము, ఇరువది నాలుగు శతాబ్దముల వెనుకటివారిని నేటి కొలతలతో కొలుచుట అన్యాయము. ఇందులో వినయమున్నది, కొంత సత్యమును ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దపు జర్మను చరిత్రకారుడు రాంకే, తీర్పు చెప్పుట తన పని కాదు, జరిగినది జరిగినట్లు చూపుటయే తన పని యని 1824లో తన తొలి గ్రంథపు పీఠికలో ప్రకటించినప్పటినుండి ఈ వినయము చరిత్రశాస్త్రమునకు ఒక వ్రతమువలె నిలిచినది. ఆ వ్రతమును ఒప్పుకొననివారును లేకపోలేదు. ఇంగ్లాండులో ఆక్టన్ ప్రభువు 1887లో చరిత్రకారుడైన క్రైటనుకు వ్రాసిన లేఖలో, పెద్ద పదవులలో ఉన్నవారి దుష్కృత్యములకు చరిత్రకారుడు తక్కువ తూకము వేయరాదని పట్టుబట్టెను. అయితే ఈ యిరుపక్షములును ఒక విషయమున ఏకాభిప్రాయము గలవియే: చరిత్ర ఒకటి, ధర్మవిచారణ మరియొకటి, మొదటిది ముగిసిన పిమ్మట రెండవదానిని చేయవచ్చునా, మానవలెనా అన్నదే వారి తగవు. నాకు ఈ విభజనమే సరికాదని తోచుచున్నది. మొదటి నౌక ఎందుకు ఆలస్యముగా పోయెను? గాలి అనుకూలింపక కాదు. తెడ్లవాండ్రు తక్కువై కాదు. చేయబోవు పని నీచమైనదని ఆ నౌకలోనివారు తలచుటయే కారణము. ఆ తలపును తొలగించి ఈ కథను చెప్పబూనుడు: నౌకాగమన వేగము అర్థము కాదు, రెండవ సభ కూడుట అర్థము కాదు, మిటిలీనీ బ్రతికియుండుట అర్థము కాదు. ధర్మాధర్మ విచక్షణము ఇక్కడ చరిత్రకారుడు వెలుపలినుండి తెచ్చి అతికించినది కాదు. ధాన్యపు కొరతవలె, స్పార్టా నౌకల జాగువలె, అదియు కార్యమును నడపిన కారణములలో ఒకటి. దానిని లెక్కకు తీసికొననివాడు నిష్పక్షపాతి యగునో కాడో గాని, జరిగినది జరిగినట్లు చెప్పినవాడు మాత్రము కాజాలడు.

యుగధర్మమను మాటయు ఇక్కడనే తడబడుచున్నది. యుగధర్మమే అయినచో ఆ రాత్రి ఎథెన్సున పశ్చాత్తాపము పుట్టనేల? అదే వేసవిలో, ప్లటీయా నగరము స్పార్టాకు లొంగిపోయినప్పుడు, స్పార్టా న్యాయాధిపతులు ఒక్కొక్క బందీని నిలిపి, ఈ యుద్ధమున నీవు మాకు గాని మా మిత్రులకు గాని చేసిన మేలేమి యని అడిగి, లేదన్నవానిని లేదన్నట్లే చంపిరి; ప్లటీయా పౌరులు 200కు తక్కువ కాకుండ, వారితోడి ఎథెన్సువారు 25 మంది అట్లు కడతేరిరి. ఆ విచారణలో ప్లటీయావారు మొరపెట్టుకొన్నదేమి? చేతులు చాచి శరణన్నవారిని చంపరాదన్నది గ్రీకులందరి ధర్మము కాదా యని. అనగా ఆ కొలత నేడు మనము తయారుచేసినది కాదు, ఆనాటి బందీల నోటిలోనిదే. మనము తీర్పు చెప్పుచున్నామని మనలను నిందింపవచ్చును గాని, ఆ తీర్పునకు ఆధారమైన స్మృతి మాత్రము వారిదే.

హెరొడోటస్ చెప్పిన ఒక కథను ఇందుకు ఎదురుగా నిలుపువారు కలరు. పారసీక చక్రవర్తి దారియస్ తన కొలువులోని గ్రీకులను పిలిచి, ఏమి ఇచ్చినచో మీరు మరణించిన తండ్రుల కళేబరములను తినుదురని అడిగెనట. ఎంత ఇచ్చినను తినమని వారనిరి. పిదప, తండ్రుల కళేబరములను తిను ఆచారముగల కల్లటియై అను భారతదేశపు జాతివారిని పిలిచి, ఏమి ఇచ్చినచో వారిని దహనము చేయుదురని అడుగగా, అట్టి పాపపు మాట యనవలదని వారు పెద్దపెట్టున కేకలువేసిరట. ఆ జాతి ఎవరో, ఆ యాచారము నిజమో కాదో ఇక్కడ విచారింపనక్కరలేదు. మనదేశపు పేరు చెప్పి పరదేశీయులు వ్రాసిన వింతలలో అదియొకటి. ఆచారమే అందరికిని రాజు, దానిని పరిహసించువాడు పిచ్చివాడు అన్నది హెరొడోటస్ తీసిన సారాంశము. అది సత్యమే. కాని తండ్రికి అంత్యగౌరవము ఎట్లు చేయవలెనన్న తగవు వేరు, లొంగిపోయిన నగరమును ఏమి చేయవలెనన్న తగవు వేరు. మొదటిది రెండు ఆచారముల నడిమి తగవు. రెండవది ఒకే ఆచారము గలవారు, ఒకే దేవతలకు మ్రొక్కువారు, ఒకే ఒలింపియాలో పందెములు పరుగెత్తువారు తమలో తాము పడిన తగవు. మొదటిదానినుండి నేర్చుకొనిన ఔదార్యమును రెండవదానిపై ధారపోయుట తర్కదోషము.

ఇంతకును ఈ విషయములన్నియు మనకు చెప్పినదెవరు? థుసిడిడీస్ ఎథెన్సు పౌరుడు. 424లో సేనానియై ఆంఫిపోలిస్ నగరమును స్పార్టాకు పోగొట్టుకొని, ఇరువది సంవత్సరములు దేశాంతరమున గడపినవాడు. క్లియోను పొడ గిట్టనివాడు. ఉపన్యాసములను మాటకు మాట జ్ఞప్తియందుంచుకొనుట కష్టము గాన, వక్తల స్థూలాభిప్రాయమునకు వీలైనంత దగ్గరగా ఉండుచు, ఆ సందర్భమున చెప్పదగినదిగా తనకు తోచినదానిని వారిచేత చెప్పించితినని ఆతడే ఒప్పుకొనెను. కనుక క్లియోన్ మాటలు క్లియోనువే యని ప్రమాణము చేయరాదు. ఇక్కడ చరిత్రపరిశోధన ధర్మవిచారణకు చేయు ఉపకారము గొప్పది: క్లియోను దుష్టుడని తీర్పు చెప్పుటకు ముందు, ఆ దుష్టుని మనకు చిత్రించి ఇచ్చినవాడు అతని ప్రత్యర్థియని గుర్తుచేయును. అయినను ఆ తీర్మానము, ఆ రెండు నౌకలు, ఆ భూవిభజన థుసిడిడీస్ కల్పించినవి కావు. తన నగరము చేసిన దుష్కృత్యమును దాచక, వన్నె పెట్టక, శత్రువు వ్రాసినంత కటువుగా వ్రాసిపెట్టినవాడు ఆ నగరపు పౌరుడే యగుట చిన్న విషయము కాదు. అశోకుడు కళింగ యుద్ధమున లక్షమంది హతులైరని, లక్షన్నరమంది చెరగొనిపోబడిరని తన పదమూడవ శిలాశాసనమున పశ్చాత్తాపముతో చెక్కించెను. మన కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి కొండరాళ్లపై ఆ శాసనము నేటికిని ఉన్నది, అందు ఐదుగురు యవనరాజుల పేర్లును ఉన్నవి. కాని కళింగదేశములోనే ఉన్న ధౌళి, జౌగడ శాసనములలో ఆ పదమూడవదానిని చెక్కింపలేదు. నొచ్చినవారి ముంగిట తన పశ్చాత్తాపమును చదివి వినిపించుట రాజునకు కష్టమే. థుసిడిడీస్ గ్రంథము నొప్పించినవారి ముంగిటనే, వారి భాషలోనే నిలిచినది.

యుగధర్మమను వాదమునకు నిజముగా బలముగల చోటు దాస్యము. ఎథెన్సుకు ఆగ్నేయముగా, సౌనియన్ అగ్రమునకు చేరువనున్న లారియన్ గనులలో 483లో గొప్ప వెండి నిక్షేపము బయటపడెను. ఆ ధనమును పౌరులు తలా కొంత పంచుకొనబోగా, తెమిస్టొక్లీసు వారిని ఒప్పించి నౌకలు కట్టించెను. ఆ నౌకలే 480లో సలామిస్ వద్ద పారసీకుల నోడించెను. ఆ వెండిని త్రవ్వినవారు బానిసలు. మనిషి నిలువలేని, పెక్కుచోట్ల మూడడుగుల యెత్తైన లేని సొరంగములలో, చిన్న చిన్న నూనెదీపముల వెలుతురున వారు త్రవ్విరి. నికియస్ అను ధనికుడు, దైవభక్తికి పేరుపడిన సేనాని, వేయిమంది బానిసలను గనులకు రోజుకు తలకొక ఒబోల్ నాణెము చొప్పున అద్దెకిచ్చెనని, చచ్చినవారి స్థానమును అద్దెకు తీసికొన్నవాడే పూరింపవలెనన్నది ఒడంబడిక యని చరిత్రకారుడు జెనొఫన్ వ్రాసెను. అద్దెకొంపకు సున్నము వేయించు బాధ్యత ఎవరిదను ఒడంబడికకును దీనికిని వ్రాతలో భేదము లేదు. 413లో స్పార్టావారు డెకిలియాలో కోట కట్టుకొని కూర్చున్న పిమ్మట 20,000 పైగా బానిసలు పారిపోయిరి, అందు అత్యధికులు చేతిపనివారు. యుగధర్మమును గూర్చి వారి అభిప్రాయమేమో వారు గ్రంథము వ్రాసి చెప్పలేదు, కాళ్లతో చెప్పిరి.

ఇక్కడ నిందను అందరికి సమముగా పంచుట న్యాయము కాదు. ఎరెక్థియన్ ఆలయ నిర్మాణపు లెక్కలు రాతిపై నేటికిని ఉన్నవి. ఒకే స్తంభమునకు గాడులు చెక్కినవారిలో పౌరుడు, పరదేశి, బానిస ముగ్గురును ఉన్నారు. ముగ్గురి కూలియు ఒక్కటే, బానిస కూలి మాత్రము యజమాని సొత్తు. తన ప్రక్కన బానిసను కూర్చుండబెట్టుకొని ఉలి పట్టిన ఆ శిల్పి, తన తాతనాటినుండి అట్లే చూచుచున్నవాడు; ఆతనిపై కోపము తెచ్చుకొనుట నాకు చేతకాదు. అరిస్టాటిలు మాట వేరు. దాస్యము ప్రకృతి విరుద్ధము, కేవలము బలాత్కారముపై ఆధారపడినది గాన అన్యాయము అని వాదించువారు కలరని ఆతడు తన రాజనీతి గ్రంథపు మొదటి భాగముననే వ్రాసెను. అనగా ఆక్షేపణను విన్నాడు. యుద్ధమున పట్టువడినంతమాత్రమున ఎవడును స్వభావముచేత బానిస కాడని ఒప్పుకొన్నాడు. ప్రకృతి బానిస దేహమును స్వతంత్రుని దేహమును వేరువేరుగా చేయదలచినను తరచుగా తారుమారగునని కూడ ఒప్పుకొన్నాడు. ఇన్ని ఒప్పుకొని, కొందరు పుట్టుకతోనే బానిసలన్న సిద్ధాంతమును విడువలేదు. తన మరణశాసనమున కొందరు బానిసలకు స్వేచ్ఛనిచ్చి, తనకు ఊడిగము చేసిన పిల్లలనెవ్వరిని అమ్మరాదని వ్రాయించెను. ఆ మరణశాసనము ఆతని హృదయమునకు గౌరవము తెచ్చుచున్నది. కాని ఆతని తర్కమునకు తెచ్చుటలేదు. ఎరుగక చేసినవానికి కాలము సాక్ష్యము పలుకును. విని, తూచి, కాదని, సమర్థనకు శాస్త్రము కల్పించినవానికి కాలము సాక్ష్యము పలుకజాలదు.

ప్లేటో వ్రాసిన యూథిఫ్రో సంవాదమును తత్త్వశాస్త్ర విద్యార్థులందరును చదువుదురు. అందలి ప్రశ్న ప్రసిద్ధము. పుణ్యము దేవతలకు ప్రియమైనది గాన పుణ్యమగునా, పుణ్యమైనది గాన దేవతలకు ప్రియమగునా? ధర్మమునకు ఈశ్వరేచ్ఛతో పనిలేదని, విధివాక్యమే ప్రమాణమని సాధించిన జైమిని మతమును ఎరిగిన మనవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. కాని ఆ చర్చకు మూలమైన వ్యాజ్యమును ఒకమారు నెమ్మదిగా చూడుడు. నాక్సాస్ ద్వీపమున యూథిఫ్రో కుటుంబమునకు పొలమున్నది. అచ్చటి కూలివాడొకడు త్రాగిన మైకములో ఇంటి బానిస నొకని చంపెను. యూథిఫ్రో తండ్రి వానిని కాలుసేతులు కట్టించి గోతిలో పడవేయించి, ఏమి చేయవలెనో ధర్మాధికారి నడిగి రమ్మని ఎథెన్సుకు మనిషిని పంపెను. పంపి, గోతిలోనివానిని మరచెను. హంతకుడే గదా, చచ్చిన చచ్చుగాక యనుకొనెను. ఆకలికి, చలికి, కట్లకు వాడు చనిపోయెను, పోయిన మనిషి తిరిగి రాకమునుపే. యూథిఫ్రో తండ్రిపై హత్యానేరము మోపెను. బంధువులు ఛీకొట్టిరి. సోక్రటీసు సైతము, చనిపోయినవాడు మీ బంధువే యైయుండును, పరాయివానికొరకు తండ్రిపై వ్యాజ్యము వేయుదువా యని వెరగుపడెను. దానికి యూథిఫ్రో చెప్పిన సమాధానము నాకు మిక్కిలి ఇష్టము: చచ్చినవాడు తనవాడా పరాయివాడా యని కాదు, చంపుట న్యాయమా కాదా యనియే చూడవలెనని. ఆ సంవాదమంతటిలో గోతిలోని కూలివానివైపు నిలిచినవాడు ఇతడొక్కడే. ఇతనినే ప్లేటో మూఢుడుగా, డాంబికుడుగా తీర్చి మనచేత నవ్వించెను. అతని నిర్వచనములు నిలువవన్నది నిజము. జ్యూస్ తన తండ్రిని బంధించెను గాన నేనును అట్లే చేయుదునను వాదము నవ్వదగినదే. అయినను పుణ్యమును గూర్చిన ఆ సూక్ష్మచర్చ సాగినకొలది గోతిలోనివాడు రెండవమారు మరపున పడుచున్నాడు. మొదటిమారు మరచినవాడు భూస్వామి. రెండవమారు మరచినవారు తత్త్వవేత్తలు. ధర్మవిచారణ చరిత్రను విడిచి నడచినప్పుడు పొంచియుండు ప్రమాదమిది: నిర్వచనము మిగులును, మనిషి జారిపోవును.

తిరిగి డయోడోటస్ కడకు వత్తము. మన మహాభారతమున ద్యూతసభలో, పెద్దలందరును తలలు వంచుకొన్నప్పుడు, వికర్ణుడొక్కడు లేచి ధర్మము పలికెను; పలికి ఓడెను. డయోడోటస్ ధర్మమును ప్రక్కకు నెట్టి ప్రయోజనము పలికెను. పలికి గెలిచెను, వేల ప్రాణములు నిలిచెను. సభలోనివారి మనసు అప్పటికే కరగియున్నదని అతడెరుగును. కరగినందుకు వారు సిగ్గుపడుచున్నారనియు ఎరుగును, ఏలయన క్లియోన్ జాలిని దౌర్బల్యముగా తిట్టిపోసి కూర్చుండెను. జాలిపడుటకు వారికొక మగతనపు సాకు కావలెను. దానిని డయోడోటస్ అందించెను. ఇది నా ఊహ. కాని ఆ ఉపన్యాసమున ఇంకే విధమైన అర్థమును నాకు కుదరదు.

అయితే ఆ సాకునకు వెల యున్నది. పదునొకండు సంవత్సరములు గడచినవి. 416లో ఎథెన్సు నౌకలు మీలాస్ ద్వీపము చేరెను. మీలాసువారు స్పార్టా సంతతివారు, యుద్ధమున చేరక తటస్థముగా నుండగోరినవారు. సంధి మాటలకు కూర్చున్న ఎథెన్సు దూతలు మొట్టమొదట పెట్టిన నిబంధన, న్యాయమను మాట ఎత్తరాదని. సమానబలులమధ్యనే న్యాయము, తక్కినచోట బలవంతుడు చేయగలిగినది చేయును, బలహీనుడు పడవలసినది పడునని. దేవతలు మా పక్షమున ఉందురని మీలాసువారనగా, దేవతలును ఈ నియమమునే పాటింతురని దూతలు బదులిచ్చిరి. ముట్టడి ముగిసిన పిమ్మట పురుషులను చంపిరి; స్త్రీలను పిల్లలను అమ్మిరి; 500 మంది ఎథెన్సువారిని అక్కడ కాపురముంచిరి. ఈమారు రెండవ సభ కూడలేదు, రెండవ నౌక బయలుదేరలేదు. న్యాయమును చర్చనుండి తొలగించుట డయోడోటస్ చేసినదే. ఆతడు ప్రాణములు నిలుపుటకు చేసెను, వీరు తీయుటకు చేసిరి. ఆతడు నేర్పిన భాషలోనే వీరు మాటలాడిరన్న మాట కటువైనను తప్పదు. మరుసటి సంవత్సరపు వసంతోత్సవమున యూరిపిడీస్ ట్రాయ్ స్త్రీల నాటకమును ప్రదర్శించెను. గ్రీకులు గెలిచిన నగరమున చెరబడిన ఆడువారి శోకము తప్ప అందు వేరు కథ లేదు. రెండవ బహుమానము వచ్చెను. మొదటిది క్సెనొక్లీసు అనువానికి దక్కెను; ఆతని నాటకములలో ఒక్కటియు మనకు మిగులలేదు.

405లో ఈగస్పొటమై వద్ద ఎథెన్సు నౌకాబలము ఇంచుమించు అంతయు నాశనమయ్యెను. వార్త రాత్రివేళ రేవు చేరెను. పిరియస్ నుండి పొడుగుగోడల వెంబడి నగరమువరకు ఒకరినుండి యొకరికి ఏడుపు ప్రాకుచు వచ్చెననియు, ఆ రాత్రి ఎవరును నిద్రపోలేదనియు జెనొఫన్ వ్రాసెను. చచ్చినవారికొరకు మాత్రమే వారు ఏడ్వలేదు. మీలాసువారికి, స్కియోనీవారికి, టొరోనీవారికి, ఈజినావారికి తాము చేసినదే ఇప్పుడు తమకు జరుగునని ఏడ్చిరి. దుష్కృత్యముల పట్టికను ఆ రాత్రి వారి కెవరును చదివి వినిపింపనక్కరలేకపోయెను. యుగధర్మమని నేడు వారి పక్షమున వాదించువారు ఆ రాత్రి పిరియస్ రేవున ఉండియున్నచో, ఆ వాదము వినువాడు దొరకెడివాడు కాడు.

మరుసటి సంవత్సరము ఎథెన్సు లొంగిపోయినప్పుడు కొరింతువారు, థీబ్సువారు ఆ నగరమును నేలమట్టము చేయవలసినదేయని పట్టుబట్టిరి. స్పార్టా ఒప్పుకొనలేదు, గ్రీకుదేశమునకు మహాపద వాటిల్లినప్పుడు గొప్పమేలు చేసిన నగరమును దాస్యమున పడవేయజాలమని చెప్పెను. పారసీక యుద్ధములనాటి ఋణమును స్పార్టా అంత శ్రద్ధగా జ్ఞాపకముంచుకొన్నదని నమ్ముట కొంచెము కష్టము. ఎథెన్సు లేకున్న థీబ్సు బలియునన్న భయము అందులో దాగియుండెనని పెక్కురు చరిత్రకారులు అనుమానింతురు. ఆ యనుమానము నిజమైనచో, డయోడోటస్ కథకు ఇది సరిగా తిరుగవేసిన బొమ్మ. ఆతడు కనికరమును లోపల దాచి ప్రయోజనమును పైకి చూపెను. స్పార్టా ప్రయోజనమును లోపల దాచి కృతజ్ఞతను పైకి చూపెను. బ్రతికినవారికి రెండును ఒక్కటేయని వాదింపవచ్చును. నేనట్లు అనుకొనను. మిటిలీనీ ఎన్ని పోగొట్టుకొనినను మిగిలినది నిలిచినది. స్పార్టా కృతజ్ఞత నీడను బ్రతికిన ఎథెన్సుపై కొన్ని మాసములకే స్పార్టా సేనాని లిసాండర్ అండతో ముప్పదిమంది నిరంకుశులు గద్దెనెక్కి, ఏడాది తిరుగకమునుపే 1500 మంది పౌరులను విచారణ లేక చంపించిరి.